పుస్తకంలో మరాఠీ, ఇంట్లో తెలుగు: ఎదిగే పిల్లలకు ఒంటి గురించి బడిలో ఎలా చెప్పాలి?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ తాలూకాలో ఒక ఆశ్రమశాలలో, అంటే గిరిజన పిల్లల హాస్టల్ బడిలో, సైన్సు చెప్తున్నారు. స్కూల్ హెల్త్ కార్యక్రమం కింద మిమ్మల్ని, ఇంకో మేడమ్‌ని హెల్త్ అంబాసిడర్లుగా పెట్టారు. మొదటి క్లాసు చెప్పిన రెండు రోజులకే ఊరి నుంచి ముగ్గురు పెద్దలు వచ్చి ‘ఆడపిల్లల ముందు ఇవేం మాటలు సార్’ అని నిలదీశారు. మేడమ్ ఇక నా వల్ల కాదన్నారు. ఆపేయాలా, నడపాలంటే ఎలా అని అడిగారు.

ఆపొద్దు. అయితే మొదలుపెట్టే చోటు మార్చండి. మీరు హెచ్ఐవీతో మొదలుపెట్టానని రాశారు. శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో అది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది అలాగే చేస్తారు. పన్నెండేళ్ల పిల్లకు తన ఒంట్లో వచ్చే మార్పుకే ఒక మాట లేనప్పుడు, మనం రోగం పేరుతో మొదలుపెడితే ఆ పిల్ల మనసులో మిగిలేది భయం ఒక్కటే. ముందు మాటలు ఇవ్వండి. ఇరవై ఎనిమిదేళ్లు అహేరి, సిరొంచ వైపు బడుల్లో పనిచేసి నేను నేర్చుకున్నది ప్రధానంగా ఇదే. అది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కొత్తలో జరిగింది చెప్తాను. ఒంటి మార్పుల పాఠం మరాఠీలో చక్కగా చెప్పాను. ‘మాసిక్ పాళీ’ అంటే ఏమిటి, ఎన్ని రోజులకు వస్తుంది, గర్భాశయ్ ఎక్కడ ఉంటుంది, బొమ్మ వేసి మరీ చెప్పాను. పరీక్షలో ఆ ప్రశ్నకు ఒక అమ్మాయి ఐదుకు ఐదు తెచ్చుకుంది. నెల తర్వాత ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయినా ఆ అమ్మాయి బెంచీ మీద నుంచి లేవలేదు. దగ్గరికి వెళితే ఏడుస్తూ, తెలుగులో, ‘టీచర్, నాకు లోపల ఏదో తెగింది’ అంది. మధ్యాహ్నం నుంచీ అలాగే కూర్చుంది, నీళ్లు కూడా తాగలేదు. మాసిక్ పాళీ గురించి అడిగితే అప్పటికీ గడగడా చెప్పగలదు. ఇప్పుడు తనకు వచ్చింది అదేనని మాత్రం తెలియదు. ఇంట్లో అమ్మ మూడు రోజులు దూరంగా కూర్చుంటే ‘కాకి ముట్టింది’ అని చెప్పారట. మరాఠీ ఇళ్లలోనూ ఇదే మాట, ‘కావళా శివలా’ అంటారు. రెండు భాషల్లోనూ కాకి మీద పెట్టేసి పిల్లకు అసలు సంగతి చెప్పకుండా దాటవేశారు. నేను పాఠం చెప్పానని అనుకున్నాను కానీ నిజానికి ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదు.

మన సరిహద్దు బడుల ఇబ్బంది ఇక్కడే ఉంది. పుస్తకం మరాఠీ, ఇల్లు తెలుగు, హాస్టల్లో పక్క మంచం మీద పడుకునే అమ్మాయిది మాడియా, ఇక్కడి గోండు తెగ మాట్లాడే గోండీ. మరాఠీ మాట పరీక్షకు పనికొస్తుంది. ఇంటి మాట అయితే తిట్టుగానో, గుసగుసగానో ఉంటుంది. తన ఒంటి గురించి పెద్దవాళ్లతో చెప్పుకోవడానికి ఏ భాషలోనూ పిల్లకు మర్యాదైన మాట దొరకదు.

అందుకే మొదటి గంటలో పాఠం చెప్పొద్దు. బోర్డు మీద మూడు గళ్లు గీయండి: మరాఠీ, తెలుగు, గోండీ. గర్భాశయ్ పక్కన గర్భసంచి. మాసిక్ పాళీ పక్కన ముట్టు, నెలసరి, బయట చేరడం, పిల్లలు ఏది చెబితే అది. పాంఢరే జాణే పక్కన తెల్లబట్ట. గోండీ మాటలు మీకు రాకపోతే మాడియా పిల్లల్నే అడగండి. వాళ్లు సిగ్గుపడితే హాస్టల్లో వంట చేసే అక్కను అడగండి. ఆ గంటలో వాళ్ల భాష బోర్డు మీదికి ఎక్కడం చూసి ఆ పిల్లల ముఖాలు ఎలా మారతాయో మీరే చూస్తారు. పురుషాంగం, యోని అనే మాటలు వచ్చినప్పుడు నవ్వుతారు. ఒకసారి నవ్వనివ్వండి, కోప్పడొద్దు. రెండో వారానికి ఆ నవ్వు ఉండదు. తిట్టుగా వాడే మాటలు మాత్రం గదిలో వద్దని చెప్పి, వాటి బదులు ఏమనాలో మీరే ఇవ్వండి.

ఈ మాటలు కేవలం సైన్సు కోసం కాదు. ఎవరైనా తాకకూడని చోట తాకితే, పిల్ల ‘అక్కడ’ అని మాత్రమే అంటే ఆ పిల్ల చెప్పింది ఎవరికీ అర్థం కాదు, అర్థమైనా కానట్టు నటించడం పెద్దవాళ్లకు తేలికవుతుంది. పేరు పెట్టి చెప్పగలిగిన పిల్ల మాటను అలా పక్కకు తోసేయలేరు.

రెండోది ప్రశ్నల పెట్టె. మహారాష్ట్ర బడుల్లో తక్రార్ పేటీ ఉండాలనే నియమం ఉంది కదా, దాన్ని దీనికి వాడొద్దు. అది ఫిర్యాదులకు, దాన్ని తెరవడానికి ఒక పద్ధతి ఉంది. మీది వేరే అట్టపెట్టె. ప్రతి ఒక్కరికీ ఒకే సైజు చీటీ ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్లు ‘ఏమీ లేదు’ అని రాసి వేయాలి. అలా అయితేనే ఎవరు రాశారో, ఎవరు రాయలేదో పక్కవాడికి తెలియదు. ఏ భాషలో, ఏ లిపిలో రాసినా ఫర్వాలేదని ముందే చెప్పండి. మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. దేవనాగరిలో తెలుగు రాస్తారు. ఆ చీటీలు చదవడానికి కొంచెం ఓపిక కావాలి, కానీ పుస్తకంలో లేని అసలు ప్రశ్నలు అందులోనే వస్తాయి. ‘ముట్టులో పచ్చడి జాడీ ముడితే పాడవుతుందా?’, ‘తెల్లబట్ట అయితే ఒళ్లు కరిగిపోతుందా?’, ‘నాకు ఇంకా మీసం రాలేదు, రోగమా?’ ఇలాంటివి. చదివి వెంటనే జవాబు చెప్పొద్దు. ఒక వారం తీసుకోండి. మీకు తెలియనిది నర్సు సిస్టర్‌ని అడిగి తెలుసుకుని చెప్పండి.

ఆడపిల్లలకు ఏం చెప్పాలో మేడమ్‌తో కూర్చుని రాసుకోండి. మొదటి రెండు మూడేళ్లు నెల లెక్క తప్పడం మామూలే. ఇరవై ఒక్క రోజులకు వచ్చినా, నలభై ఐదు రోజులకు వచ్చినా ఆ వయసులో కంగారు అక్కర్లేదు. పదిహేనేళ్లు నిండినా అసలు రాకపోతే, ఏడు రోజులు దాటి పోతుంటే, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతుంటే డాక్టర్‌కు చూపించాలి. నొప్పిని ఓర్చుకోవడమే ఆడతనం అని పెంచుతాం, అది తప్పు. నొప్పి తగ్గించే మాత్రలు ఉన్నాయి, సిస్టర్ ఇస్తుంది. వాసన, దురద, రంగు లేని తెల్లబట్ట రోగం కాదు. గుడ్డ వాడినా తప్పులేదు, సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. మన ఇళ్లలో దాన్ని మంచం కిందో, చూరు చాటునో దాచి చెమ్మతోనే మళ్లీ కడతారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఇది చెప్పే ముందు మీ బడి మరుగుదొడ్డికి వెళ్లి లోపల గడియ పడుతుందో లేదో చూడండి. నీళ్లు ఉన్నాయా, వాడిన ప్యాడ్ వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా? లేకపోతే పాఠం కన్నా ముందు ముఖ్యాధ్యాపకుడి దగ్గర కూర్చుని అది చేయించండి. నేను చెప్పినవన్నీ విని ‘టీచర్, ఎక్కడ మార్చుకోవాలి?’ అని ఒక అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు. మర్నాడు నేనే కమ్మరి దగ్గరికి వెళ్లి గడియ తెచ్చాను.

మాడియా పిల్లల గురించి ఒక మాట. భామ్రాగడ్, ఏటాపల్లి వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు సెలవులకు ఇంటికి వెళితే ముట్టు రోజుల్లో కుర్మా ఘర్‌లో, అంటే ముట్టయిన ఆడవాళ్లను విడిగా ఉంచే గుడిసెలో, ఉండాల్సి రావచ్చు. దాన్ని తరగతిలో ఎగతాళి చేయొద్దు. మన తెలుగు ఇళ్లలో వసారాలో వేరే చాప, వేరే గ్లాసు పెట్టి కూర్చోబెట్టడం కూడా అదే. ఆ గుడిసెలో దోమతెర, దీపం, తాగే నీళ్లు ఉండేలా అడగడం ఎలాగో పిల్లలకు నేర్పండి. మలేరియా ఉన్న అడవిలో, పాములు తిరిగే వానాకాలంలో ఆ మూడింటితో ప్రాణం నిలుస్తుంది.

మగపిల్లల దగ్గర మీరే చెప్పాలి, ఇది చాలా ముఖ్యం. నేను పదేళ్ల పాటు మగపిల్లల్ని గాలికి వదిలేశాను, ఆడపిల్లలకు చెబితే చాలనుకున్నాను. ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు తిండి మానేసి సన్నబడిపోయాడు. నిద్రలో వీర్యం పోతే ‘ధాతువు పోతోంది, బతకవు’ అని ఎవరో చెప్పారట. గోడ మీద ‘గుప్త రోగ్’ అని రాసిన ప్రకటన చూసి నది దాటి వెళ్లి, అమ్మ తునికాకు కోసి దాచుకున్న డబ్బు పొట్లాలకు పెట్టాడు. ఎవరైనా ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది: అది ఆ వయసులో మామూలు, దాని వల్ల బలం తగ్గదు. హస్తప్రయోగం వల్ల కూడా నరాల బలహీనత, కళ్లు పోవడం, పిల్లలు పుట్టకపోవడం ఏవీ రావు. గొంతు, మీసం, ఎత్తు ఒక్కొక్కరికి ఒక్కో ఏడు మారతాయి, ఒంట్లో మార్పులు తొమ్మిదేళ్లకు మొదలైనా పద్నాలుగుకు మొదలైనా మామూలే. ఇవి స్పష్టంగా చెప్పండి, గొంతు తగ్గించకుండా చెప్పండి.

మొదటి నాలుగైదు గంటలు ఆడా మగా విడిగా పెట్టండి. తర్వాత కలిపి కూర్చోబెట్టండి. ముట్టు అంటే ఏమిటో మగపిల్లలకు తెలియాలి, లేకపోతే గౌను మీద మరక చూసి నవ్వడం ఆగదు. మేడమ్ మానేయకుండా ఉండాలంటే ఆవిడను ఒంటరిగా నిలబెట్టకండి. హాస్టల్ అధీక్షిక (వార్డెన్) గారిని, ఆశా అక్కను మొదటి రెండు క్లాసులకు పిలవండి. ఆడపిల్లలతో మీరు మాట్లాడాల్సి వస్తే తలుపు తెరిచి ఉంచి, ఇంకో ఆడ మనిషి ఉన్నప్పుడే మాట్లాడండి.

ఇక ఊరి పెద్దలు. వాళ్లను శత్రువుల్లా చూడొద్దు. ఈ భయం ఇప్పటిది కాదు. కేంద్ర విద్యాశాఖ, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి 2005లో కిశోర విద్యా కార్యక్రమం తెచ్చినప్పుడు, 2007లో మహారాష్ట్రతో పాటు చాలా రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. ఇప్పుడు మీరు చేస్తున్నది 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చింది. బడికి ఇద్దరు టీచర్లు, ఒక ఆడ ఒక మగ, పదకొండు అంశాలు, వారానికో గంట, మంగళవారం. ఇందులో తిండి, మనసు, మత్తు, ఇంటర్నెట్ జాగ్రత్త, హింస నుంచి రక్షణ కూడా ఉన్నాయి. పెద్దలకు ఆ జాబితా చూపించండి. మీరు సొంతంగా ఏదో కల్పించి చెప్తున్నారని వాళ్లు అనుకుంటున్నారు.

నేను చేసింది ఏమిటంటే, పాలక్ సభకు (తల్లిదండ్రుల మీటింగుకు) ముందు తల్లులను విడిగా పిలిచాను. నాలుగు పాఠాలు వాళ్లకే చెప్పాను, పిల్లలకు చెప్పే మాటల్లోనే. సగం మంది తమకు పెళ్లి రోజు దాకా ఎవరూ ఏమీ చెప్పలేదని అన్నారు. ఒకావిడ, ‘మాకూ ఈ పెట్టె పెట్టండి’ అంది. ఆ తర్వాత మగవాళ్ల ముందు నేను మాట్లాడింది మిర్చి గురించి. సంక్రాంతి దాటితే మన దగ్గర నుంచి ఇళ్లకు ఇళ్లు తెలంగాణకు మిర్చి ఏరడానికి పోతాయి. ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలు కూడా వెళ్తారు. చేను పక్కన టార్పాలిన్ డేరాలో ఎవరెవరో పడుకుంటారు, మరుగు ఉండదు, కూలీలను తీసుకెళ్లే ముకద్దమ్ మాటే చట్టం. ‘అక్కడ మీ పిల్లకు ఏదైనా అయితే ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో ఎవరు నేర్పారు?’ అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరికన్నా గట్టిగా అడ్డం పడిన పెద్దాయనే, ‘డిసెంబరు లోపల చెప్పేయండి టీచరమ్మా’ అన్నాడు. అందుకే మీకూ చెప్తున్నాను, రక్షణ పాఠాలు మిర్చి సీజనుకు ముందే పూర్తి చేయండి. క్యాలెండర్ ప్రకారం ఫిబ్రవరిలో పెడితే వినాల్సిన పిల్లలు అప్పటికి తరగతిలో ఉండరు. అందరూ ఒప్పుకుంటారని మాత్రం అనుకోవద్దు. ఒక ఇంటివాళ్లు అమ్మాయిని బడి మాన్పించారు, ఎంత తిరిగినా మళ్లీ పంపలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

‘ఇవి చెబితే పిల్లలు చెడిపోతారు’ అనేదానికి జవాబు మీ దగ్గర ఉండాలి. యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాలు పరిశోధనలన్నీ చూసి చెప్పింది ఇదే: ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడరు, తొందరపడటం ఎక్కువవుతుందనడానికి ఆధారం లేదు. చెప్పకపోతే ఏమవుతుందో మన జిల్లానే చూపించింది. డాక్టర్ రాణీ బంగ్, గడ్చిరోలిలో రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ రోగం ఉంది. అంతకు ముందు ఆ విషయంలో డాక్టర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎనిమిది శాతమే. చెప్పుకునే అలవాటు లేక అన్నేళ్లు నొప్పితో బతికారు వాళ్లు.

పై తరగతులకు చట్టం చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండకపోతే ‘ఇష్టంతోనే’ అన్నమాట చట్టంలో చెల్లదు. పిల్లలపై లైంగిక నేరాలను ఆపడానికి వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పదిహేడేళ్ల అమ్మాయితో పారిపోయిన కుర్రాడి మీద కూడా కేసు అవుతుంది. మన ఊళ్లలో ఇది మగపిల్లలకు ఎవరూ చెప్పరు, పోలీసులు వచ్చాకే తెలుస్తుంది. అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండకుండా పెళ్లి నేరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మహారాష్ట్రలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 21.9 శాతం మందికి పద్దెనిమిది లోపే పెళ్లయినట్టు తేలింది. మహారాష్ట్రలో ఊరి స్థాయిలో బాల్యవివాహాలు ఆపాల్సిన అధికారి గ్రామసేవక్, ఇప్పుడు ఆ పోస్టును గ్రామ పంచాయత్ అధికారి అంటున్నారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి పిల్లకూ నోటికి వచ్చేలా చేయండి, అది ఉచితం, రాత్రైనా పగలైనా పనిచేస్తుంది.

ఇప్పుడు మీకు, టీచర్‌గా. ఏదో ఒక రోజు ఒక పిల్ల వచ్చి, ‘ఎవరికీ చెప్పనని ఒట్టు వేస్తే చెప్తా’ అంటుంది. ఒట్టు వేయొద్దు. ‘నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను, నిన్ను కాపాడటానికి కావాల్సినవాళ్లకే చెప్తా’ అనండి. అత్యాచారమో, వేధింపో తెలిసిన తర్వాత పోలీసులకు తెలియజేయడం చట్టం మీ మీద పెట్టిన బాధ్యత. దాచితే ఆరు నెలల వరకు జైలు, సంస్థను నడిపేవారు తమ కింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఏడాది వరకు. పిల్లను పదే పదే అడగొద్దు, ఆ మనిషిని పిలిచి ఎదురెదురుగా నిలబెట్టొద్దు, పెద్దమనుషుల పంచాయితీకి అసలే ఒప్పుకోవద్దు. పిల్ల చెప్పిన మాటలు ఆమె భాషలోనే, ఆమె అన్నట్టే, తేదీ వేసి రాసి పెట్టుకోండి. తెలుగులో చెప్పినదాన్ని మరాఠీలోకి మార్చి రాస్తే అర్థం జారిపోతుంది. గర్భం అని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి, నాటు మందుల దగ్గరికి పోనివ్వొద్దు. మైనర్ గర్భస్రావం కోసం వస్తే, పిల్లా, ఆమె గార్డియనూ కోరితే, పోక్సో సమాచారంలో డాక్టర్ ఆమె పేరు వెల్లడించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు తీర్పులో చెప్పింది. భయపడి దాక్కునే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పండి.

ఆసుపత్రి వైపు: పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్ల కోసం 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని కింద ఉండే క్లినిక్‌లను మహారాష్ట్రలో మైత్రీ క్లినిక్ అంటారు. సిరొంచ గ్రామీణ రుగ్ణాలయంలోనో, అహేరి ఉపజిల్లా రుగ్ణాలయంలోనో కౌన్సెలర్ ఏ రోజు కూర్చుంటారో ముందే అడిగి గోడ మీద రాయండి. తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారా అని కూడా అడగండి, లేకపోతే మేడమ్ తోడు వెళ్లాలి.

వారానికో నీలి ఇనుము మాత్ర వస్తుంది కదా, దాన్ని ఈ పాఠంతో కలపండి. అన్నం తిన్నాక వేసుకోవాలి, చాయ్‌తో వద్దు, మలం నల్లగా వస్తే భయం లేదు. ఇవి చెప్పకపోతే పిల్లలు కిటికీలోంచి పారేస్తారు. మన జిల్లాలో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉంది, ఆ జబ్బు ఉన్న పిల్లకు డాక్టర్‌ను అడగకుండా ఇనుము ఇవ్వొద్దు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే (జబ్బు లేకున్నా దాని జన్యువు మోస్తుంటే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. పదో తరగతిలో ఇది చెప్పండి. పెళ్లి చూపుల నాటికి చెబుదామంటే ఎవరూ వినరు.

వచ్చే మంగళవారం మూడు గళ్లు, అట్టపెట్టె, ఈ రెండే చేయండి. ఇంకేమీ వద్దు. చీటీల్లో ఏం వచ్చాయో పేర్లు, ఊళ్లు లేకుండా ఇక్కడ రాయండి. దేవనాగరిలో రాసిన తెలుగు అర్థం కాకపోతే అలాగే దించి పెట్టండి, నేను చదివి చెప్తాను.